పార్కు బెంచీ మీద ప్రపంచాన్ని బాగుచేసిన ముగ్గురం

రోజూ పొద్దున్న ఆరింటికల్లా మేము ముగ్గురం సీతాఫల్‌మండిలో మా పార్కు సిమెంటు బెంచీ మీద కూర్చుని ప్రపంచాన్ని బాగుచేసేవాళ్లం. ఇంట్లో మాత్రం వాకింగ్ అని చెప్పి వచ్చేవాళ్లం. రెండు రౌండ్లు తిరిగేసరికి కాళ్లు ఇక చాలనేవి. అక్కణ్ణుంచి వ్యాయామమంతా నోటికే. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల చేత వక్తృత్వ పోటీలు చేయించి చేయించి, ఎవరైనా మామూలుగా మాట్లాడుకుంటుంటే భరించలేని స్థితికి వచ్చాను. రెండో ఆయన బ్యాంకు మేనేజరుగా చేశాడు. ఎదుటివాడు గుడ్ మార్నింగ్ అన్నా దానికి ష్యూరిటీ ఎవరని అడిగే రకం. మూడో ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగాడు. ముస్లిం, నల్లగొండ వైపు మనిషి. ఆయన ఇంట్లో మాట్లాడేదీ తెలుగే, కలలు కనేదీ తెలుగులోనే. ఆయన మాట ముందు నా తెలుగు గంజి ఎక్కువైన చొక్కాలా ఉండేది.

మా వాదనలకు ఒక పద్ధతి పెట్టాను. పెట్టకపోతే నా ముప్పై ఏళ్ల సర్వీసు ఏమైపోవాలి? పాత శుభలేఖల వెనకవైపు చింపి మూడు చీటీలు రాసి, నా కళ్లజోడు డబ్బాలో వేసి ఊపేవాణ్ణి. ఒకదాని మీద ‘అవును’, ఇంకోదాని మీద ‘కాదు’, మూడోదాని మీద ‘జడ్జి’. పొద్దున పేపర్లో ఏ దేశం తగలబడుతుంటే అదే ఆ రోజు విషయం. ఏ చీటీ వస్తే ఆ పక్షాన ప్రాణం పెట్టి వాదించాలి. “నా సొంత అభిప్రాయం వేరనుకోండి” అని ఎవరు నసిగినా ఆ రోజు టీలు వాళ్లే ఇప్పించాలి. ఈ పద్ధతిలో మేనేజరు ఒకసారి మసీదు తరఫునా, ఫిట్టరు ఇంకోసారి మఠం తరఫునా వాదించి, ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. ఈ ప్రపంచానికి కావలసిందల్లా ఇంకొన్ని కళ్లజోడు డబ్బాలేనని నేను గట్టిగా నమ్మాను.

దేశాలకేం కరువు లేదు కాబట్టి మాకు ఖాళీ ఉండేది కాదు. ఒక దేశంలో ముసుగు వేసుకోవద్దంటారు, ఇంకో దేశంలో వేసుకోకపోతే కొడతారు. రెంటికీ ఒకే గంటలో తీర్పు చెప్పి ఇళ్లకు పోయేవాళ్లం. భూగోళం మీద ఎక్కడ బాంబు పేలినా మేనేజరు మాత్రం చీటీలు తీయకముందే ఫిట్టరు వైపు తిరిగి, “మీరు దీన్ని ఖండిస్తున్నారా లేదా?” అని అడిగేవాడు. పేలిన ఊరు ఏ ఖండంలో ఉందో ఇద్దరికీ తెలియదు.

“ఖండించిన సార్,” అనేవాడు ఆయన చల్లగా. “పండ్లు తోముకుంటనే ఖండించిన. మా ఇంటామె సుత ఖండించింది. ఇగ చీటీ తీద్దామా?”

మేనేజరు తృప్తిగా తలూపేవాడు. నేను నవ్వేవాణ్ణి. మా స్నేహం అంత విశాలమైనది మరి.

ఒకరోజు పేపర్లో, ఏదో చలిదేశంలో మనవాళ్ల రంగు చూసి ఇల్లు అద్దెకివ్వలేదని వచ్చింది. బెంచీ అంతా భగ్గుమంది. ఇంటాయన పక్షాన వాదించే చీటీ ఫిట్టరుకు వచ్చింది. ఆయన కాలు మీద కాలేసుకుని, తెల్లదొర అయిపోయి, “మాకేం లేదయ్యా, మీరంటే మస్తు ఇష్టం. గని మీ వంటల వాసన మా కర్టెన్లకు పడ్తది. ఒక్కరని వస్తరు, యెనక పదిమంది చుట్టాలు దిగుతరు. రేపు ఇల్లు అమ్మాలంటె ఎవడు కొంటడు?” అని దంచాడు. మేము పొట్టలు పట్టుకున్నాం. ఆ రోజు జడ్జి నేనే. మనిషికి నీడ ఇవ్వడానికి మనసొప్పనివాడు మనిషే కాదని ఆవేశంగా తీర్పు చెప్పాను. పక్క బెంచీ వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లంటే ఎంత ఇష్టమో దేవుడికే తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్లకే మా అపార్టుమెంటులో గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు ఖాళీ అయింది. ఫిట్టరుండేది రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. వాళ్లావిడకు మోకాళ్లు అరిగిపోయి ఆరు నెలలుగా కిందికి దిగలేదు. అంతకుముందు మోండా మార్కెట్‌కు సంచి పట్టుకుపోయి, వంకాయల కుప్పలో ఒక్కో కాయా తిప్పి చూసి తెచ్చుకునే మనిషి. ఇప్పుడు బాల్కనీలోంచి కింద పోయేవాళ్ల సంచుల్లో ఏమున్నాయో చూస్తూ కూర్చుంటోందట.

“జెర మీ కమిటీల మాట్లాడి సూడు సారూ,” అన్నాడు. పదేళ్ల పరిచయంలో ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే. “నేను దెచ్చిన కూరగాయలు సూసి రోజు తిట్టుడే. కిందిల్లైతే మల్ల మార్కెట్‌కు పోతా అంటుంది.”

“అయిపోయిందనుకో అన్నా,” అన్నాను. కమిటీకి సెక్రటరీని నేనే కదా! ఇంటి ఓనరు అల్వాల్‌లో ఉంటాడు, కమిటీకి ఇష్టమైతే తనకూ ఇష్టమేనన్నాడు.

ఆదివారం సాయంత్రం మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మీటింగ్ పెట్టుకున్నాం. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, “మన బిల్డింగ్‌లో అలాంటి ఫీలింగ్స్ ఏం లేవండీ. అందరూ ఈక్వల్. కానీ స్మెల్ ఇష్యూ ఒకటుంది. వాళ్లకు రిలేటివ్స్ ఎక్కువ. రేపు రీసేల్ వాల్యూ కూడా చూసుకోవాలి కదా,” అన్నారు. ఈయన ఆ రోజు పార్కులో ఏ చెట్టు వెనకైనా నిలబడి విన్నాడా అని నాకు అనుమానం వచ్చింది. వాసన, చుట్టాలు, అమ్మకం. అదే వరుస.

నేను లేచాను. చెయ్యి చాచాను, గొంతు పెంచాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేనన్నదేమిటంటే: “మీరనుకునే రకం కాదండీ ఆయన! నాది గ్యారంటీ. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు. గడ్డం లేదు. వాళ్లావిడ చీర కట్టుకుంటుంది. చూస్తే అసలు ముస్లిములని మీరు కనిపెట్టలేరు!”

చప్పట్లు రాలేదు గానీ చాలామంది మెచ్చుకోలుగా తలలాడించారు. పరిశీలిద్దాం అన్నారు ప్రెసిడెంటు గారు. మన దేశంలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. నేను కిందికి దిగి, మీటింగ్ వివరాలు నా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ‘దరఖాస్తుదారు సౌమ్యుడని, ఇంట తెలుగే మాట్లాడుతారని, చూచుటకు ఆ మతస్థులని తెలియదని కార్యదర్శి హామీ ఇచ్చిరి. పరిశీలనకు వాయిదా వేయడమైనది.’ ఎప్పటిలాగే ఒక ప్రతి తెచ్చి కింద నోటీసు బోర్డుకు అంటించాను. వాక్యం బాగా కుదిరిందని రెండోసారి చదువుకున్నాను కూడా.

ఆయనకు మెల్లగా, సందర్భం చూసి చెబుదామనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆయనే వచ్చేశాడు. మంచం పడకగదిలో సరిపోతుందో లేదో చూద్దామని ఇనుప టేపు తెచ్చుకున్నాడు. వాచ్‌మన్ తలుపు తీసిచ్చాడట. నేను లిఫ్టు దిగి బయటికొచ్చేసరికి ఆయన నోటీసు బోర్డు ముందు నిలబడి, మెల్లగా టేపు లోపలికి చుట్టుకుంటున్నాడు.

“కొలిచిన సారూ,” అన్నాడు. “మంచం ఏసినంక సుత రెండడుగుల జాగ మిగుల్తది.”

టేపు జేబులో వేసుకుని, బోర్డు మీది కాగితాన్ని ఇంకోసారి చూశాడు.

“రాత మంచిగుంది,” అని వెళ్లిపోయాడు.

మర్నాడు రాడేమోననుకున్నాను. అసలు రాకూడదనే కోరుకున్నాను, నిజం చెప్పొద్దూ. కానీ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. “ఇయ్యాల టాపిక్ నేను చెప్త,” అన్నాడు. “గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తురకోళ్లకు ఇయ్యొచ్చా, ఇయ్యొద్దా?” మేనేజరు ఇబ్బందిగా దగ్గాడు. చీటీలు తీశాం. మేనేజరుకు జడ్జి. నాకు ‘అవును’. ఆయనకు ‘కాదు’.

ఆయన మొదలుపెట్టాడు. “ఇయ్యొద్దు. ఆయన మంచోడని సెక్రటరీ సారే హామీ ఇచ్చిండు. అంటె హామీ లేకుంటె వాళ్లు మంచోళ్లు కాదని సెక్రటరీ సారుకు సుత ఎర్కనే గద! ఇగ సూస్తె తెల్వదట. సూస్తె తెల్వకుండ తిరిగెటోణ్ణి ఎట్ల నమ్ముతరు? తెలిసెటట్టు ఉన్నోడే జెర నయం.” గొంతులో కోపం లేదు. ఎప్పటిలాగే కాలు మీద కాలేసుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నా వంతు వచ్చింది. మాట్లాడాను బాబూ, అలా జన్మలో మాట్లాడలేదు. “ఇల్లడిగినవాడు మంచివాడని ఎవరు రుజువు చేయాలి? నేను ఇల్లు కొన్నప్పుడు నన్నెవరైనా అడిగారా? ఆదివారం మా కుక్కరు కూతలతో పాటు మటన్ వాసన అయిదంతస్తులకూ పోతుంది, అప్పుడు పోని రీసేల్ వాల్యూ ఈయన వండితే ఎలా పోతుంది? ఆయన ఏ భాష మాట్లాడితే ఎవరికేమిటి? గడ్డం గజం పొడుగున్నా, ఒక్క తెలుగు ముక్క రాకపోయినా, అడుగుతున్నది ఒక ఇల్లు. ఒక ఆడమనిషి ఆరు నెలలుగా నేల మీద కాలు పెట్టలేదు. విషయం అంతే. మిగతాదంతా మన సిగ్గులేనితనం!” మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనే గెలిచానని తీర్పు చెప్పాడు.

ఫిట్టరు కూడా తలూపాడు. “గెలిచినవ్ సారూ. మస్తు చెప్పినవ్.” లేచి చొక్కా దులుపుకున్నాడు. “మొన్న మేడమీద నీకు చీటీ రాలేదా?”

నేను ఉరుకులు పరుగుల మీద ప్రెసిడెంటు గారి తలుపు కొట్టాను. బెంచీ మీద అన్నదంతా మళ్లీ అన్నాను. ఆయన ఓపిగ్గా విని, ఇల్లు రాత్రే తన తమ్ముడి స్నేహితులకు ఇప్పించేశానని, టీ తాగి వెళ్లమని చెప్పారు. నేను అక్కడికక్కడే సెక్రటరీ పదవికి రాజీనామా రాసిచ్చాను. పెద్ద త్యాగం! కొత్త సెక్రటరీ అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉన్నాయని అందరూ సంతోషించారు. బోర్డు మీది కాగితం మాత్రం నేనే పీకి, చింపి, జేబులో వేసుకున్నాను.

వారం రోజులు ఆయన పార్కుకు రాలేదు. ఎనిమిదోరోజు నేనే కళ్లజోడు డబ్బా పట్టుకుని వాళ్లింటికి బయల్దేరాను. క్షమించమని అడగాలి. ఎలా మొదలుపెట్టాలో దారంతా సాధన చేసుకున్నాను, వక్తృత్వ పోటీకి పోయే పిల్లాడిలా. రెండో అంతస్తుకే నా మోకాళ్లు మొరాయించాయి. గోడ పట్టుకుని మూడోది ఎక్కాను. మెట్లు నిటారుగా, ఒక్కోటి జానెడున్నర ఎత్తు. తలుపు తీసింది వాళ్లావిడ. ముందు మంచినీళ్లు ఇచ్చి, కుర్చీ చూపించింది. బాల్కనీ దగ్గర ఆయన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూసి తలాడించాడు, అంతే.

“మీ బిల్డింగ్ల ఇల్లు మంచిగుండెనట గద అన్నా,” అందామె. “ఈయన పోయి కొలిచి వచ్చిండు. గది చిన్నగున్నదట, మన మంచం సరిపోదన్నడు. ఒక్క మంచం కోసం అంత మంచి ఇల్లు ఇడ్సిపెట్టుకున్నం. జెర తిప్పి ఏస్తె సుత సరిపోదా అన్నా?”

నేను ఆయన వైపు చూశాను. ఆయన చిక్కుడుకాయ మీంచి తలెత్తలేదు. సాధన చేసుకొచ్చిన మాటలన్నీ నా నాలుక మీదే ఉన్నాయి. డబ్బా నా చేతిలోనే ఉంది.

“సరిపోదమ్మా,” అన్నాను. “ఎటు తిప్పినా సరిపోదు.”