రాని బండి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పినప్పుడు అది నాలుగే మాటలు. మోసేకొద్దీ బరువెక్కింది.

నేను నలభై ఏడేళ్ళుగా రోజూ డైరీ రాస్తున్నవాణ్ణి. వాన పడితే ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి ఆగిందో రాస్తాను. గడియారానికి కొత్త బ్యాటరీ వేస్తే అదీ రాస్తాను. అలాంటివాణ్ణి ఆ రోజు పేజీలో కూడా అబద్ధమే రాశాను. తాళం వేసి బీరువాలో పెట్టుకునే పుస్తకంలో మనిషి ఎవరి కోసం అబద్ధం రాస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు చాలాకాలం పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అలాగైతేనే చెప్పగలను.

జంషెడ్‌పూర్‌లో చూపులేని పిల్లల బడి ఒకదానిలో నడక నేర్పే మాస్టారుగా పనిచేశాను. తెల్ల కర్రను ఎలా పట్టుకోవాలి, ఎడమ పాదం పడేటప్పుడు కర్ర కొస ఎటు ఉండాలి, రోడ్డు దాటే ముందు ఏమేం వినాలి, ఎండ చెంప మీద ఎటునుంచి పడుతుందో చూసి తాము ఎటు తిరిగి ఉన్నారో ఎలా తెలుసుకోవాలి, ఇవీ నేను చెప్పిన పాఠాలు. రిటైరైన మరుసటి ఏడు నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. బారిడీహ్‌లో ఇల్లు, నేను, డైరీలు.

అప్పుడే దక్షిణాది నుంచి ఒక చిన్న సంస్థవారు నాకు ఉత్తరం రాశారు. చూపులేని యువతకు దారిలో తోడుండే కుక్కలకు శిక్షణ ఇచ్చి ఇస్తారట. మా వైపు నుంచి ఒకరిద్దరికి ఇవ్వగలరట. ఎవరు సిద్ధంగా ఉన్నారో నడిపించి చూసి రాసి పంపమన్నారు.

చాలామంది అనుకున్నట్టు కుక్క మనిషిని తీసుకుపోదు. దానికి దారి తెలియదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ తిరగాలో, ఎప్పుడు దాటాలో మనిషే నిర్ణయించాలి. అది అడ్డం వచ్చినవాటిని తప్పిస్తుంది, అంతే. కాబట్టి కర్రతో ఒంటరిగా నడవగలిగినవాళ్ళకే కుక్క. పరీక్ష కూడా అదే. ముందే నేర్చుకున్న దారిలో అభ్యర్థి ఒక్కడే నడవాలి. పరీక్షించేవాడు ఆరడుగుల వెనక, మెత్తటి బూట్లు వేసుకుని, మాట్లాడకుండా రావాలి. ప్రమాదం తప్పదనుకుంటేనే మోచేయి తాకి ఆపాలి. ఒకసారి తాకితే రాసుకోవాలి. రెండుసార్లు తాకితే సిద్ధంగా లేరని రాయాలి. మూడోమాట లేదు. ఆ నియమం పెట్టినవాళ్ళకు తాకేవాడి మీద ఎంత నమ్మకం ఉండి ఉంటుంది!

నలుగురు అభ్యర్థుల్లో ఒకరు మా తెలుగువాళ్ళ అమ్మాయి. బిర్సానగర్‌లో ఉంటారు. తండ్రిది ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. అసలు పేరు రాయను, ఝాన్సీ అంటాను. అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి చెవిని చూడలేదు. షట్టరు మూసి ఉన్న దుకాణానికీ తెరిచి ఉన్న దుకాణానికీ ముందునుంచి నడిచిపోతూనే తేడా చెప్పేది.

పరీక్షకు ఎనిమిది నెలల ముందు నుంచీ మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా ఇంటికి ఒంటరిగా వచ్చేది. బారిడీహ్ వీధుల్లో ఇద్దరం నడిచేవాళ్ళం. నేర్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా నడిచేవాళ్ళం. "మాస్టారూ, ఎడం కాలు ఈడుస్తన్నారు. మోకాలికి నూనె రాసుకోండి" అనేది. "పకోడీ బండోడు నూనె మార్చనేదు ఇయ్యాల, వద్దు పదండి" అనేది. తరవాత టీ పెట్టేవాణ్ణి. చక్కెర ఎక్కువైందని ప్రతిసారీ తిట్టి, ప్రతిసారీ రెండో కప్పు అడిగేది.

పరీక్షకు ముందు శుక్రవారం గేటు దగ్గర కర్ర మడుస్తూ నవ్వింది. "కుక్కొచ్చీసిందంటే మీకు సెకండ్ రిటైర్మెంటే మాస్టారూ. ఈసారి దండలూ గట్రా ఏటీ ఉండవు."

నేనూ నవ్వాను. లోపలికి వచ్చి కప్పులు కడిగాను. రెండో కప్పును చాలాసేపు కడిగాను.

పరీక్ష రోజు ఉదయం ఏడు దాటింది. పొద్దుటి షిఫ్టు వాళ్ళు వెళ్ళిపోయి రోడ్డు పలచగా ఉంది. ఝాన్సీ ముందు, నేను వెనక. మొదటి అరకిలోమీటరులో రాసుకోవడానికి తప్పు దొరకలేదు. ఒక సందు మొదటికి వచ్చింది. ఆగింది. తల కొంచెం వంచి విన్నది. కర్రతో అంచు చూసుకుంది. సందులో ఏమీ లేదు. ఒక మేక కూడా లేదు. ఆమె విన్నది సరైనది. అడుగు ముందుకు వేసింది.

నేను మోచేయి పట్టుకుని ఆపాను.

ఎందుకు? ఆ క్షణాన ఆలోచించి చేశానా? చేయి దానంతట అది వెళ్ళిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ సందు రావడానికి పది గజాల ముందు నుంచే నా అడుగులు దగ్గరపడ్డాయి. ఆరడుగుల దూరాన్ని రెండడుగులు చేసుకున్నాను. చేతికి అంత ముందుచూపు ఉండదు. అది నాదే.

ఆమె ఉలిక్కిపడింది. "ఏటయింది?"

"బ్యాటరీ స్కూటర్ వచ్చింది, అమ్మా."

ఆ నాలుగు మాటలే. అప్పుడప్పుడే మా ఊళ్ళో ఆ చప్పుడులేని బండ్లు కనబడుతున్నాయి. చూపులేనివాళ్ళందరికీ అవంటే భయం. చెవికి అందని బండి గురించి చెవే ఆధారమైన మనిషికి చెప్పాను. దాన్ని కాదనడానికి ఆమె దగ్గర ఏముంది?

ఆ తరవాత ఆమె నడక మారింది. కర్ర మరీ ముందుకు చాచింది, మెడ బిగిసింది. పెద్ద కూడలి దగ్గర చాలాసేపు నిలబడింది. దాటడానికి మూడుసార్లు వీలు చిక్కినా కదల్లేదు. చివరికి వంకరగా దిగి రోడ్డు మధ్యకు వెళ్ళిపోయింది. ఎదురుగా టోటో బండి, అదే ఈ-రిక్షా, హారన్ కొడుతూ వచ్చింది. పరిగెత్తి పట్టుకున్నాను. ఈసారి నిజంగానే పట్టుకోవలసి వచ్చింది.

ఈ రెండోది నన్ను చాలా ఏళ్ళు కాపాడింది. చూశావా, ఆమె సిద్ధంగా లేదు, నువ్వు ఆపకపోతే ఏమయ్యేది అని రోజూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొదటిది జరగకపోతే రెండోది జరిగేదా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్ళకో, పేపరుకో లేచేవాణ్ణి.

పరీక్ష అయ్యాక టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. ఆమె కర్రను ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు గాలి కూడా తగల్లేదు మాస్టారూ. బండెల్తే గాలి తగల్తాది గదా?"

"కొంచెం దూరం నుంచే పోయింది."

"ఎంత దూరం?"

"రెండు మీటర్లు."

అబద్ధాన్ని కూడా కొలిచి చెప్పాను. నా పద్ధతి అది.

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "అయితే ఈ చెవి పనికిరాదన్నమాట. ఇన్నాళ్ళూ నసీబు బాగుండి బతికేసేను."

అప్పుడే చెప్పి ఉండవచ్చు. టీ ఇంకా వేడిగానే ఉంది, పక్కన ఎవరూ లేరు. చెప్పి, పరీక్ష కాగితం చింపి, మర్నాడు మళ్ళీ నడిపించి ఉండవచ్చు. దానికి బదులు ఇలా అన్నాను: "ఇంకో ఏడాది చూద్దాం తల్లీ. ఈలోగా మంగళవారం, శుక్రవారం మామూలే కదా?"

నేనేం చేశానో ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే తెలిసింది.

"మామూలే" అంది. కాని రాలేదు. మంగళవారం రాలేదు, శుక్రవారం రాలేదు. మూడోవారం వాళ్ళమ్మ ఆటోలో తీసుకొచ్చింది, చేయి పట్టుకుని. ఝాన్సీ కుర్చీలో కూర్చుని టీ తాగింది. చక్కెర గురించి ఏమీ అనలేదు. నడుద్దామంటే, "వద్దులెండి మాస్టారూ, ఇప్పుడు ఆ బండ్లు ఎక్కువైపోనాయి" అంది. ఆ తరవాత అదీ లేదు. సంస్థవారు ఇంకొక అబ్బాయికి కుక్కను ఇచ్చారు. అలాంటి అవకాశం మళ్ళీ మా వైపు రాలేదు. ఝాన్సీ ఇంట్లోంచే ఫోను మీద ఏదో కంపెనీకి పనిచేస్తోందని విన్నాను. గుమ్మం దాటితే అమ్మ చేయి ఉండాలట. ఒకరిద్దరు పాత విద్యార్థులు ఈ మాట చెబుతూ, పాపం, ఒక బండి ప్రమాదం త్రుటిలో తప్పినప్పటి నుంచీ అలా అయిపోయిందన్నారు. నేను తల ఊపాను.

కుక్కను పోగొట్టాననే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. అది చిన్నది. కుక్క లేకపోయినా ఆమె నడిచేది. నేను తీసుకున్నది ఆమె విన్నదాని మీద ఆమెకున్న నమ్మకాన్ని. అది పోతే చూపులేని మనిషికి వీధి ఉండదు.

ఒకసారి ఆ ఏటి డైరీ తీశాను. మంగళ, శుక్రవారాలకు పేజీ నిండా రాసి ఉంది. ఏ వీధి తిరిగామో, ఆమె ఏమన్నదో, ఎక్కడ నవ్వామో. మిగిలిన రోజులకు రెండేసి లైన్లు. "ఎండ. బీరకాయ కూర. నిద్ర పట్టలేదు." ఎవరి కోసం అబద్ధం రాశానో అక్కడ దొరికింది. వారానికి రెండు పేజీల కోసం. అవి ఆగిపోతాయని భయపడినవాడు కూడా నేనే కాబట్టి, ఆ భయాన్ని నా రాతలో నేనే చూడకూడదని. ఒంటరితనం నేరం కాదు. దాన్ని ఇంకొకరి అడుగుకు అడ్డం వేయడం నేరం. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఇంత వయసు కావాలా?

పోయిన నెల మా బడిలోని కొత్త మాస్టర్లు వచ్చారు. శిక్షకుల కోసం చిన్న పుస్తకం వేస్తున్నారట, నా అనుభవంతో పది సూత్రాలు రాసిమ్మన్నారు. కాగితం తీసుకున్నాను. మొదటి సూత్రం నాకు తడుముకోనవసరం లేదు. ముప్పై ఏళ్ళు అదే చెప్పాను: దారిలో ఉన్నది ఉందని చెప్పు, లేనిది లేదని చెప్పు. "దారిలో" అని రాసి ఆగిపోయాను. మూడు వారాలు ఆ కాగితం అలాగే ఉంది.

నిన్న ఉదయం ఝాన్సీకి ఫోన్ చేశాను. బిర్సానగర్ ఎంత దూరమని? వెళ్ళవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది. "ఆ రోజు సందులో ఏ బండీ రాలేదమ్మా. నేను కల్పించాను. నువ్వు మా ఇంటికి రావడం మానేస్తావని భయపడ్డాను. నువ్వు విన్నదే సరైనది." రాసుకుని చదివాను. తడబడతానని.

అవతల టీవీ చప్పుడు వినిపించింది. తరవాత అదీ ఆగింది.

"కోయీ గాడీ నహీ థీ?"

"ఏ బండీ లేదమ్మా."

"ఠీక్ హై, సర్."

పెట్టేసింది. నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేది. నన్ను ఎప్పుడూ సర్ అనలేదు.

ఈరోజు పొద్దున వాళ్ళమ్మ ఫోన్ చేసింది. రొప్పుతోంది. "ఏటి చెప్పేరు మాస్టారూ దానికి? రాత్రి అన్నం తిన్నేదు. తెల్లారి లెగిసి అటక మీంచి కర్ర దింపించింది. నేనెనకాల ఎల్తంటే, నువ్వొత్తే రోడ్డు మజ్జిలో కూకుంటానంటంది. ఆరేళ్ళయింది కర్ర ముట్టి! దానికేటైనా అయితే మీదే పూచీ. బేగి రండి, మీ మాటైతే ఇంటాది."

చెప్పులు వేసుకున్నాను. గేటు బయటికి వెళ్ళి ఆటో ఆపాను. కాలు లోపల పెట్టబోయి ఆగాను. వెళ్ళి ఏం చేస్తాను? వెనక నడుస్తానా? నిజంగానే ఒక బండి వచ్చి, నేను ఆగమని అరిస్తే, ఆమె ఎందుకు నమ్మాలి? ఈ ఊళ్ళో ఆమెను ఆపే హక్కు ఎవరికైనా ఉండవచ్చు, నాకు లేదు. డ్రైవరు విసుక్కుంటూ, "జానా హై కి నహీ, చాచా?" అన్నాడు. రానని చెప్పి పొమ్మన్నాను.

లోపలికి వచ్చి ఈ కాగితాలు తీశాను. గంటన్నర అయింది. ఫోన్ మోగలేదు. అది మంచికో చెడుకో తెలియదు. ఆమె నన్ను క్షమించలేదు, క్షమించమని నేను అడగలేదు. అయినా ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. ఆరేళ్ళ తరవాత ఊపిరి లోపలిదాకా వెళుతోంది. ఈ తేలికదనానికి సిగ్గుపడుతూనే పీల్చుకుంటున్నాను.

ఆమె ఈ వేళ ఏ వీధిలో, ఏ సందు మొదట్లో నిలబడి ఉందో నాకు తెలియదు. బండి వస్తే ఆమే వింటుంది.