ఆ ఆదివారం థోకోకి వినిపించిన గొంతు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ చిరాకు. నేను అనస్థీషియా డాక్టర్ని. మనుషుల్ని స్పృహ తప్పించి మళ్ళీ లేపడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా నిద్రపోయి లేచినవాళ్ళలో ఒక్కరు కూడా అవతల ఏదో చూసొచ్చామని చెప్పలేదు. ఎక్కువమంది అడిగేది, ఇప్పుడు ఏమైనా తినొచ్చా అని.

మా ఆవిడ సునీతకి నా ధోరణి నచ్చదు. మేం అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉంటాం, ఆదివారాలు తెలుగు చర్చికి వెళ్తాం. అక్కడ ఎవరైనా లేచి దేవుడు తమకేం చేశాడో సాక్ష్యం చెప్తుంటే, నేను మనసులో దానికి వేరే కారణం వెతుక్కుంటూ కూర్చుంటాను. చర్చికొచ్చేది క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యడానికా అని సునీత ఏడిపిస్తూంటుంది. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

ఇక్కడి అనస్థీషియా డాక్టర్లం కొందరం కలిసి, ఆఫ్రికాలో మలావీ దేశంలోని చిన్న ఆస్పత్రుల డాక్టర్లకి ట్రైనింగ్ ఇస్తుంటాం. అక్కడ మత్తు డాక్టర్లు చాలా తక్కువ. వీలున్నప్పుడు మేమే వెళ్తాం, మిగతా రోజుల్లో వీడియో కాల్స్. నాకు అప్పగించిన డాక్టర్ పేరు థోకో. ఆ జిల్లా ఆస్పత్రి మొత్తానికి మత్తు డాక్టర్ ఆ అమ్మాయి ఒక్కతే. కష్టమైన కేసు వస్తే ఫోన్‌ని స్టాండుకి తగిలించి నాకు కాల్ చేస్తుంది. తను అడిగితేనే నేను మాట్లాడాలి. ఆపరేషన్ మధ్యలో రెండు గొంతులు వినిపిస్తే కంగారని మేం పెట్టుకున్న పద్ధతి అది.

ఇది జరగడానికి కొన్నాళ్ళ ముందు ఆపరేషన్ టేబుల్ మీదే ఒక పేషెంట్ పోయాడు. థోకో తప్పేం లేదు. అయినా ఈ పని మానేస్తానని ఏడ్చింది. ఇంకొకటి అలా జరిగితే నిజంగానే మానేస్తుందని నాకు తెలుసు. మానేస్తే ఆ జిల్లాలో ఇంకెవరూ లేరు.

ఆ ఆదివారం ఉదయం చర్చి పార్కింగ్ లాట్‌లో కార్ ఆపుతుండగా తన కాల్ వచ్చింది. వాళ్ళకప్పుడు సాయంత్రం. సునీత పులిహోర ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళింది, నేను కార్‌లోనే ఉండిపోయాను.

సిజేరియన్ కేసు. తల్లికి రక్తం బాగా పోతోంది, నడుముకి మత్తిచ్చే పరిస్థితి లేదు. థోకో ఆమెని పూర్తిగా నిద్రపుచ్చి, గాలి పంపడానికి గొంతులోకి ట్యూబ్ వేసింది. చక్కగా వేసింది. బిడ్డ ఏడుపు నాక్కూడా వినిపించింది. తల్లికి ఆస్తమా ఉందని థోకో నాకు ముందే చెప్పింది.

కాసేపటికి మానిటర్ శబ్దం మారింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ బీప్ స్వరం కిందికి దిగుతుంది. మా డాక్టర్లకి నిద్రలో వినిపించినా మెలకువ వచ్చేస్తుంది. థోకో గాలి సంచి నొక్కుతోంది గాని, గాలి లోపలికి వెళ్ళడం లేదు. "డాక్టర్, ఏం చెయ్యను?" అంది. అంతే, స్క్రీన్ ఆగిపోయింది.

నాకేం సందేహం లేదు. ఆస్తమా మనిషి, ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి, ఎడ్రినలిన్ ఇస్తే వదులవుతాయి. "ఆస్తమా అది, ఎడ్రినలిన్ ఇవ్వు, ఎడ్రినలిన్!" అని ఆగిపోయిన స్క్రీన్ మీద అరిచాను. కాల్ కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. చేస్తూనే ఉన్నాను. ఇంతలో సునీత వచ్చి కార్ అద్దం కొట్టింది.

"ఎవరికండీ ఆ ఎడ్రినలిన్? లోపల పాటలకంటే మీ అరుపే గట్టిగా వినిపిస్తోంది."

సంగతి చెప్పాను. తను పక్క సీట్లో కూర్చుని ప్రార్థనకి కళ్ళు మూసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళాం గాని, ఆ రోజు ప్రసంగం దేని గురించో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

భోజనాల దగ్గర ఉండగా థోకో మళ్ళీ కాల్ చేసింది. మొహం అలిసిపోయి ఉంది, కాని నవ్వుతోంది. తల్లి లేచిందట, బిడ్డని అడిగిందట. మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు అంటోంది. ఎడ్రినలిన్ పనిచేసిందన్నమాట అన్నాను.

"ఎడ్రినలిన్ నేనివ్వలేదు డాక్టర్. మందులేవీ వద్దు, బుడగలో గాలి తీసెయ్యి అన్నారు కదా."

బుడగ అంటే, ఆ ట్యూబ్ చివర చుట్టూ ఉంటుంది. లోపలికి వేశాక గాలి నింపితే చుట్టూ సందు లేకుండా పట్టుకుంటుంది. ఇక్కడ మేం ట్యూబ్‌ని ఒక్కసారి వాడి పారేస్తాం. అక్కడ సరిగ్గా దొరకవు కాబట్టి కడిగి మళ్ళీ మళ్ళీ వాడతారు. వాడగా వాడగా బుడగ సాగిపోతుంది. ఆ రోజు అది ఒక పక్కకి ఉబ్బి ట్యూబ్ మూతినే మూసేసింది. థోకో గాలి తీసెయ్యగానే దారి తెరుచుకుంది. అది ఆస్తమా కాదు.

ఫోన్‌లో బొమ్మ పోయినా నా గొంతు మాత్రం పోలేదని థోకో చెప్పింది. నిదానంగా మాట్లాడానట, ఆక్సిజన్ పెరిగేదాకా "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూనే ఉన్నానట. నేనేమో కార్‌లో గొంతు చించుకుంటున్నాను.

మరోరోజు, థోకో లేనప్పుడు, ఆపరేషన్‌లో తన పక్కనున్న నర్సుతో విడిగా మాట్లాడాను. ఆవిడా అవే మాటలు చెప్పింది. సర్జన్‌ని అడిగితే, తన పనిలో తనుండి ఏమీ పట్టించుకోలేదన్నాడు. ఇద్దరి ఫోన్లలోనూ కాల్ హిస్టరీ చూశాం. కాల్ రెండువైపులా ఒకేసారి, థోకో ఆ ప్రశ్న అడిగిన కొద్ది క్షణాలకే ముగిసిపోయింది.

మా చర్చిలో కిరణ్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు, ఇలాంటి కాలింగ్ యాప్‌ల మీదే పనిచేస్తాడు. సిగ్నల్ ఇరుక్కుని మాట ఆలస్యంగా వెళ్ళిందేమో అని అడిగాను. "లేటుగా వెళ్ళొచ్చన్నా. మారిపోయి వెళ్ళదు కదా," అన్నాడు.

నేనే ఎప్పుడో క్లాసులో చెప్పి ఉంటాను, థోకోకి ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటుంది అనుకున్నాను. మా క్లాసుల రికార్డింగులన్నీ కూర్చుని విన్నాను. ఎక్కడా ఆ ప్రస్తావన లేదు. నేను ఎంబీబీఎస్ చదివింది కాకినాడలోనే అయినా అనస్థీషియా నేర్చుకున్నది ఇక్కడే. పాత ట్యూబ్‌తో పనిచేసినవాణ్ణి కాదు. పుస్తకంలో చదివే ఉంటాను, కాని ఆ రోజు నాకది తట్టలేదు. నా నోట ఏం వచ్చిందో సునీత చెవులారా వింది.

సునీతకి ఇందులో సందేహమే లేదు, కార్‌లో తను చేసిన ప్రార్థనే అంటుంది. పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పమని రెండుసార్లు అడిగారు. నేను లేవలేదు. చూసినదైతే చెప్పొచ్చు, నేను అక్కడ లేను. అన్నదైతే చెప్పొచ్చు, ఆ మాట నేననలేదు.

ఈమధ్య థోకో దగ్గర ఇద్దరు కొత్త డాక్టర్లు చేరారు. ఆ కేసు గురించి వాళ్ళకి మీరే చెప్పాలని పట్టుబట్టింది. మొత్తం చెప్పాను. కార్‌లో నేను ఏమని అరిచానో కూడా చెప్పాను. థోకోకి ఆ సంగతి అప్పుడే మొదటిసారి తెలిసింది.

"మరి నేను ఎవరికి థాంక్స్ చెప్పాలి?" అంది.

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆ రోజు లైన్ బాగుండి ఉంటే నేను చెప్పింది థోకోకి వినిపించేది. నా మాట ఎప్పుడూ కాదనదు, వెంటనే ఎడ్రినలిన్ ఇచ్చి, అది పనిచెయ్యడం కోసం ఎదురుచూసేది. ఆ బిడ్డకి తల్లి మిగిలేది కాదు.