రొయ్యల్లో ఉప్పు చూశాను, అంతే

పొద్దున్న ఇడ్లీ తిన్నవాడికి ముందు ఆకలేస్తుందా, గుడ్డు తిన్నవాడికి ముందు ఆకలేస్తుందా? చెప్పండర్రా. చెప్పరేం? ఆ ఫోను కింద పెట్టి చెప్పండి. ఈ ఒక్క ప్రశ్నకి మీ పెద్దమ్మకి జవాబు తెలిసుంటే, మీ షారోన్ అక్క పెళ్ళి ఈ మామ్మ ఆకలి వల్ల కుదిరిందని చుట్టాలు ఫోన్లు చేసి మరీ నవ్వేవాళ్ళు కాదు. మొన్న చర్చిలో ఒకావిడ నా పక్కన చేరి, ప్రసంగం మధ్యలో, "రొయ్యలు బాగున్నాయంట కదండీ" అంది. ప్రసంగం మధ్యలో! అన్నేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషిని నేను. నన్ను పట్టుకుని తిండిపోతుని చేస్తే ఊరుకుంటానా? మొదటినుంచీ చెబుతాను. విని మీరే తీర్పు చెప్పండి.

నాకు షుగరు బోర్డర్లో ఉందని డాక్టరమ్మ అన్న సంగతి తెలుసు కదా. మాత్రలు ఇప్పుడే వద్దు, ముందు తిండి దారిలో పెట్టుకోండి అంది. పొద్దున్నే గుడ్డో, పెసరట్టో, పప్పో, ఏదో ఒక ప్రోటీను కడుపులో పడాలి. మధ్యలో చిరుతిళ్ళు ఆపాలి. రాత్రి భోజనం పెందలాడే ముగించాలి.

ఎందుకంటారా? పొయ్యిలో ఎండు కొబ్బరాకు పెడితే ఏమవుతుంది? భగ్గుమంటుంది, మనం అటు తిరిగి ఇటు తిరిగేలోపు బూడిదవుతుంది, ఇంకో ఆకు అడుగుతుంది. ఉత్త ఇడ్లీ, ఉత్త అన్నం అలాంటివి. రక్తంలో చక్కెర గబగబా ఎక్కుతుంది, గబగబా దిగుతుంది, దిగీ దిగగానే మళ్ళీ ఆకలి. అదే ఊకపొయ్యి చూడండి. మంట పెద్దగా కనపడదు, సెగ మాత్రం చాలాసేపు ఉంటుంది. గుడ్డు, చేప, పప్పు అలాంటివి. నిదానంగా అరుగుతాయి, కడుపు చాలాసేపు నిండుగా ఉంటుంది. పైగా ఈ వయసులో కండ కరిగిపోతుంది. మోకాలి మీద చెయ్యి ఆనించకుండా కుర్చీలోంచి లేవాలంటే ప్రోటీను ఉండాలి, కాస్త నడకా ఉండాలి. ఈ పద్ధతిలో పడ్డాక బిస్కెట్ల డబ్బా వైపు నా చూపు పోవడమే మానేసింది.

ఏంటి, ఇడ్లీలో మినప్పప్పు ఉంటుందా? ఉంటుంది నాన్నా. మీ పెద్దమ్మ రుబ్బే పిండిలో అది పేరుకే ఉంటుంది.

సరే. మొగల్తూరు సంబంధం వచ్చింది. అబ్బాయి అనిల్. షారోన్ అతనితో ఫోన్లో మాట్లాడింది, కాదనలేదు, ఔననలేదు. ముందు పెద్దవాళ్ళం వెళ్ళి ఇల్లూ వాకిలీ చూసి రావాలన్నారు. ఆ పిల్ల హాస్పిటల్లో డ్యూటీకి వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నేనింకా ఆలోచించుకోవాలి మామ్మా, తొందరపడి మాటిచ్చెయ్యనివ్వకు" అంది. నీ నోటి మాట లేకుండా మేం మాటివ్వం, నాదీ పూచీ అన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మనలో ఒక పద్ధతుంది. సంబంధం ఖాయమయ్యేదాకా వాళ్ళింట్లో భోజనం చెయ్యకూడదు. చేస్తే ఒప్పుకున్నట్టే. కూల్‌డ్రింకు తాగొచ్చు, బిస్కెట్టు కొరకచ్చు, ఒక స్వీటు నోట్లో వేసుకోవచ్చు. అంతే. కారెక్కేముందు ఈ పద్ధతిని మీ పెదనాన్నకి మళ్ళీ వివరంగా చెప్పింది ఎవరు? నేనే. వాడికి చేపలంటే ప్రాణం, వాడే ఎక్కడ చెయ్యి కడిగి భోజనానికి కూర్చుంటాడోనని నా భయం.

ఇప్పుడు అసలు నేరస్థురాలి దగ్గరికి వద్దాం. ఆ పొద్దున్న నేను గుడ్లు ఉడకపెట్టుకుంటుంటే షారోన్ వాళ్ళమ్మ, అదే మీ పెద్దమ్మ సునీత, వచ్చి పొయ్యి ఆపేసింది. గుడ్డు తిని వెళ్తే వాళ్ళింట్లో తేన్పులొస్తాయట. "కొత్తవాళ్ళ ముందు బాగోదు అత్తయ్యగారూ, ఇవాళ్టికి ఇడ్లీ తినేద్దురూ" అని ప్లేటు నా చేతిలో పెట్టింది. ఉన్నవి ఇడ్లీలూ కారప్పొడీ. పోనీ అనుకున్నాను, నా బ్యాగులో ఎప్పుడూ వేయించిన వేరుశెనగలుంటాయి కదా అని. ఆ బ్యాగు నా చీరకి మ్యాచ్ కాలేదని అదీ ఆవిడే మార్చేసింది. కొత్త బ్యాగులో అద్దం ఉంది, దువ్వెన ఉంది, సెంటు సీసా ఉంది. ఏం తినమంటారు, సెంటా?

రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డం. కారు కదలదు. నా కడుపులో కొబ్బరాకు అప్పటికే బూడిదైపోయింది. మొగల్తూరు చేరేసరికి మధ్యాహ్నమైంది.

వాళ్ళు మర్యాదస్తులు, ఆ మాట ఒప్పుకోవాలి. అబ్బాయి మామ్మ రత్నమ్మగారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. వాళ్ళ చర్చి అయ్యగారు కూడా మమ్మల్ని పలకరించడానికి వచ్చి హాల్లో కూర్చున్నారు. ట్రేల మీద ట్రేలు. కూల్‌డ్రింకు, కాజాలు, క్రీం బిస్కెట్లు. అంటే, పద్ధతి తినమన్నవన్నీ డాక్టరమ్మ వద్దన్నవి. డాక్టరమ్మ తినమన్నవన్నీ వంటింట్లో ఉన్నాయి, వాసన హాల్లోకి వచ్చేస్తోంది. పండుగప్ప చేప పులుసూ రొయ్యల వేపుడూను. నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

నేను మనసు మళ్ళించుకోడానికి పాఠం మొదలుపెట్టాను. అబ్బాయి నాన్నగారికీ షుగరేనట. ఆయన అన్నం ఎంత తినాలని అడిగితే, కొబ్బరాకూ ఊకపొయ్యీ అన్నీ చెప్పాను. "చూడండీ, మనం తలకిందులుగా తింటున్నాం. చేపా గుడ్డూ పప్పూ అసలు భోజనం. అన్నం పక్కన కాస్త ఉండేది" అన్నాను. అందరూ బుద్ధిగా తలూపారు. అయ్యగారైతే మరోసారి చెప్పమన్నారు. చెప్పాను.

తరవాత రత్నమ్మగారు ఇల్లు చూపిస్తానని నన్ను లోపలికి తీసుకెళ్ళారు. గదులు చూపించి, పెరడు చూపించి, చివరికి వంటింట్లో మూకుడు ముందు నిలబెట్టారు. కరివేపాకు చిటపటలాడుతోంది. చిన్న ప్లేట్లో కాసిని రొయ్యలు వేసి, "కొంచెం ఉప్పు చూసి పెట్టండి టీచరుగారూ" అన్నారు. ఉప్పు చూడటం భోజనమా? కాదు కదా. చూశాను. సరిగా తెలియలేదు, ఇంకాసిని చూశాను. ఆవిడ పులుసులో పులుపు కూడా చూడమన్నారు. ఒక ముక్క వేశారు. పెద్ద ముక్కే. స్టూలు వేస్తే కూర్చున్నాను. అన్నం మాత్రం ముట్టలేదు. మెతుకు ముడితే ఒట్టు. లెక్క ప్రకారం నేను పద్ధతి తప్పలేదు.

ప్లేటు ఖాళీ చేసి చెయ్యి కడుక్కుంటున్నాను. రత్నమ్మగారు హాల్లో ఉన్న కొడుక్కి వినపడేలా, "అబ్బాయ్, టీచరుగారు మనింట్లో భోంచేశారు" అన్నారు.

పరుగున హాల్లోకి వెళ్ళి, లేదండీ, నేను అన్నం తినలేదండీ అన్నాను.

"ఇందాక మీరే కదండీ చెప్పారు" అన్నారావిడ నవ్వుతూ. "చేపే అసలు భోజనం, అన్నం పక్కన ఉండేదని. అయ్యగారు కూడా విన్నారు."

అయ్యగారు విన్నానన్నారు. అని ఊరుకోకుండా లేచి నిలబడి, ఈ రెండు కుటుంబాలనీ కలిపినందుకు దేవుడికి స్తోత్రం చెల్లిస్తూ ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో ఎవరు అడ్డం చెబుతారు? అందరూ కళ్ళు మూసుకున్నారు. మీ పెదనాన్న ఒక్కడే తెరిచి నన్ను చూస్తున్నాడు. ఆమెన్ అన్నారు. నా నోరూ అలవాటుగా ఆమెన్ అనేసింది.

ఇంక ఒప్పుకున్నట్టే అయ్యింది కాబట్టి మీ పెదనాన్నా పెద్దమ్మా బాసింపట్టు వేసుకుని భోంచేశారు. అది మాత్రం ఎవరూ చెప్పుకోరు. తిరుగు ప్రయాణంలో పాలకొల్లు దాటాక మీ పెదనాన్న, "అంత ఆకలేస్తే చెప్పచ్చు కదమ్మా" అన్నాడు. "ఆకలి కాదండీ, ఉప్పు చూశారు" అంది మీ పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ. పొయ్యి ఆపిన మనిషి అనే మాటలా అవి?

ఇంటికొచ్చాక షారోన్‌కి నేనే చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. అక్కడే నాకు భయమేసింది.

"నా మాట నంచుకు తిన్నావా మామ్మా?" అంది. అంతే అంది.

ఇడ్లీ సంగతి, బ్యాగు సంగతి చెప్పబోయి ఆగిపోయాను. ఫోను తీసి, రత్నమ్మగారికి నేనే చెబుతాను, నా కడుపు ఒప్పుకుంది కానీ మా పిల్ల ఇంకా ఒప్పుకోలేదని చెబుతాను, అయ్యగారి ముందైనా చెబుతాను అన్నాను. షారోన్ ఫోను లాక్కుని, ఉండు, ముందు నేను అనిల్‌తో మాట్లాడతానని గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలోనే కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి మొహం మారింది. ఆ అబ్బాయి ఏమన్నాడో తెలుసా? మీ మామ్మగారి భోజనం మీ మామ్మగారిది, నీ మాట నీది, ఎన్నాళ్ళయినా ఆలోచించుకో అన్నాడట. నచ్చకపోతే, మన రొయ్యల్లో ఉప్పెక్కువైందట అని మావాళ్ళకి నేను చెప్పుకుంటానన్నాడట.

కొన్నాళ్ళు ఆలోచించుకుంది. ఇద్దరూ కలుసుకుని మాట్లాడుకున్నారు. పోయినవారం తనంతట తనే వచ్చి, నాకు ఇష్టమే మామ్మా అంది. అంటే పెళ్ళి కుదిరింది ఆ అబ్బాయి మంచితనం వల్ల, మీ అక్క ఇష్టం వల్ల. నా ఆకలి వల్ల కాదు. ఈ ముక్క చుట్టాలకి ఎవరు చెబుతారు?

ఇవాళ వాళ్ళు ప్రధానం, అదే నిశ్చితార్థం, సంగతి మాట్లాడటానికి వస్తున్నారు. పొద్దున్నే రత్నమ్మగారు ఫోను చేసి, టీచరుగారికి ఎన్నింటికి ఆకలేస్తుందో చెబితే దాన్ని బట్టి బయల్దేరతాం అన్నారు. మీ పెద్దమ్మ స్పీకర్ పెట్టి మరీ వింది. నాకు వాళ్ళు రాకముందే టిఫిను పెట్టింది, గుడ్లతో సహా. ఇప్పుడు బుద్ధొచ్చింది.

లేవండి, లేవండి. సగం రొయ్యలు ఒలిచి వదిలేసి వచ్చాను, మిగతావి ఒలవాలి. ఒలవడం వరకే నా పని. ఈ ఇంట్లో ఉప్పు చూసే పని నా దగ్గర్నుంచి తీసేశారు.