గట్టురోడ్డు భద్రతా కమిటీ

నా చేతిరాత బాగుంటుంది. అదే నా కొంప ముంచింది. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి, రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను మా ఊరి భద్రతా కమిటీలో వేశారు. మినిట్స్ రాయడానికి ఇంకెవరూ దొరకలేదట.

మాది కొల్లేటి అంచున ఉన్న ఊరు. ఏలూరు బస్సు మెయిన్ రోడ్డు మీద దించేసి పోతుంది. అక్కణ్ణించి ఊళ్లోకి మురుగుకాలువ గట్టు మీద కిలోమీటరు పైగా నడవాలి. ఒక పక్క కాలువ, రెండో పక్క రొయ్యల చెరువులు. దారి పొడుగునా ఒక్క లైటు లేదు.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఏలూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. పెళ్లయ్యాక అత్తవారిని బతిమాలి మరీ నిలుపుకున్న ఉద్యోగం. ఒక సాయంత్రం మసకచీకట్లో బస్సు దిగి వస్తుంటే, బైకు మీద ఇద్దరొచ్చి మెళ్లో గొలుసు పట్టి లాగారు. గొలుసు తెగలేదు గానీ మెడ కోసుకుపోయింది. కాలువలో పడబోయి తుమ్మకొమ్మ పట్టుకుని ఆగింది. విషయం పొక్కి అందరూ అడగడంతో, శాఖలన్నీ కలిసి పనిచేయాలని ఈ కమిటీ వేశారు.

ఆ పిల్ల మెడకు పసుపు రాసుకుని మా ఇంటికొచ్చింది.

"గట్టు మీద లైట్లు పడితేనే ఉద్యోగం, లేకపోతే మానెయ్యమని మా అత్తగారు తేల్చేశారండీ టీచర్ గారూ. మీరు కమిటీలో ఉన్నారటగా, కాస్త చెప్పండి."

చెప్తానులే అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొదటి సమావేశానికి పోలీసులు, పంచాయతీ, కరెంటు, డ్రైనేజీ, అందరూ ఒకే బల్ల దగ్గరికి వచ్చారు. మా వైపు మర్యాదల సంగతి చెప్పక్కర్లేదు. "ముందు మీరు కూర్చోవాలండీ", "అబ్బే, మీరుండగానా" అనుకుంటూ కూర్చునేసరికే పావుగంట పట్టింది. ఆ తరువాత లైట్ల మాట ఎత్తాను.

"స్తంభాలెయ్యడం ఎంతసేపండీ, పంచాయతీవారు లెటరిస్తే చాలు," అన్నారు కరెంటాయన.

"లెటరిచ్చేస్తామండీ. గట్టు డ్రైనేజీవారిది కదా, వారు ఊఁ అనాలి," అన్నారు పంచాయతీవారు.

"మాకు అభ్యంతరమేముందండీ, పోలీసువారు అవసరమని రాసిస్తే పైకి పంపిస్తాం," అన్నారు డ్రైనేజీ ఆయన.

"తప్పకుండా రాస్తామండీ. కానీ అసలు ఫిర్యాదే రాలేదు కదండీ," అన్నారు ఎస్సైగారు.

ఫిర్యాదు ఎలా వస్తుంది? కోడలి పేరు స్టేషన్లో పడకూడదని అత్తగారు ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. ఒక్కరూ కాదనలేదు చూడండి, నా ఒళ్లు మండింది అందుకే. కాదంటే పోట్లాడొచ్చు. అందరూ అలాగేనండీ అంటుంటే ఎవరితో పోట్లాడతాం?

రెండో సమావేశానికి చెరువుల పెద్దాయన ఒకరు కెమెరాలు కొనిచ్చారు. శాలువా కప్పి, ఎక్కడ పెట్టమంటారండీ అని ఆయన్నే అడిగారు. మోటార్లూ మేతబస్తాలూ పోతున్నాయన్నారాయన. కెమెరాలన్నీ చెరువుల దగ్గర కాపలావాళ్లుండే మకాముల మీద, చెరువులవైపు తిరిగి కూర్చున్నాయి. రెండైనా గట్టువైపు తిప్పండి అన్నాను.

"ఇచ్చినవారి మాట కాదంటే బాగుంటుందాండీ టీచర్ గారూ?" అన్నారు పంచాయతీవారు.

రొయ్యకున్న కాపలా మా పిల్లకు లేదా అని అడిగాను. హాస్యమాడాననుకుని అందరూ నవ్వారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఆ తరువాత ప్రతి సమావేశంలోనూ "లైట్ల విషయం పరిశీలనలో ఉన్నది" అని గుండ్రంగా రాస్తూ వచ్చాను. ఆ పిల్ల కొన్నాళ్లు భర్తను బస్సు దగ్గరికి రమ్మంది. వరికోతలు మొదలయ్యాక అతనికి కుదరలేదు. ఒకరోజు నాకు వీధిలో కనిపించి, "మానేశానండీ," అంది. ఏమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

మొన్నటి సమావేశంలో ఎస్సైగారు, ఈ మధ్య గట్టురోడ్డు మీద ఒక్క సంఘటన కూడా జరగలేదని చెప్పారు. చప్పట్లు కొట్టారు.

"ఆ దారిన సాయంత్రం పూట ఆడవాళ్లెవరూ నడవడం లేదండీ. ఇంక ఎవరి గొలుసు లాగుతారు?" అన్నాను.

"అదీ నిజమేనండీ," అన్నారు కరెంటాయన, ఎంతో మెత్తగా. పంచాయతీవారు మినిట్స్ పుస్తకం నావైపు జరిపారు. "సమస్య పరిష్కారమైందని రాసెయ్యండి టీచర్ గారూ. అందరం సంతకాలు పెట్టేస్తాం."

రాయనని లేచి వచ్చేయాల్సింది. నేనూ ఈ నీళ్లు తాగి పెరిగినదాన్నే. నలుగురు పెద్దమనుషులు అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు. రాశాను. సంతకమూ పెట్టాను.

ఆ పేజీ జిరాక్సు తీసి పంచాయతీ ఆఫీసు బోర్డుకు అంటించారు. నిన్న పాలకు వెళ్తుంటే ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి చదువుతోంది. తప్పుకుపోదామనుకునే లోపే నన్ను చూసి ఒక మాట అంది. ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే మెచ్చుకుంటోంది.

"మీ చేతిరాత ఇప్పటికీ ఎంత బాగుందండీ టీచర్ గారూ," అంది.