వినలేదన్న శబ్దం

ఈ నెల తొమ్మిదో తేదీ సోమవారం, పొద్దున ఆరూ ఇరవైకి మా ఎదురింటి అబ్బాయి కారు స్టార్ట్ చేశాడు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మూడు సెకన్లు గలగలలాడి, తర్వాత ఏమీ ఎరగనట్టు మెత్తగా తిరగసాగింది. కాఫీ గ్లాసు కింద పెట్టి గేటు దాకా వెళ్లాను. "ఆ శబ్దం మంచిది కాదప్పా, ఎవరికైనా చూపించు," అన్నాను. "చలికి అట్లే ఉంటాదవ్వా. పాటలు పెడితే ఇనపడదు," అని నవ్వాడు. పెట్టాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, ఆ కోపమంతా అతని మీది కాదు. నాగరత్నమ్మ మీది. ఆమె పోయి నాలుగేళ్లయింది, నా కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఆదోనిలో ఆమె జిన్నింగ్ మిల్లు, అంటే పత్తిలోంచి గింజ వేరు చేసే మిల్లు ఉండేది. అందులో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు రాశాను. భర్త పోయాక ఆ మిల్లును ఒంటి చేత్తో నడిపిన మనిషి ఆమె. పొట్టిగా ఉండేది. గొంతు మాత్రం పెద్దది. నేను చేరినప్పుడు నాకు కూడికలు, తీసివేతలు తప్ప ఏమీ తెలియవు. వినడం నేర్పింది ఆమె. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేదంతా ఆమెకు వ్యతిరేకంగానే ఉంటుంది.

నేను చేరిన మొదటి సీజనులోనే ఒక మధ్యాహ్నం, ఆఫీసు గదిలో నాకు రశీదులు చదివి చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. నాకు రోజూ వినిపించే హోరు తప్ప వేరే ఏమీ వినిపించలేదు. ఆమె కొంగు బిగించుకుని షెడ్డులోకి నడిచి, "ఆపండ్రా!" అని ఒక్క కేక పెట్టింది. మిల్లు మొత్తం ఆగింది. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, బయట దేవనకొండ ట్రాక్టర్లు పదకొండు నిలబడినాయి," అన్నాడు.

"నిలబడనీ. పత్తిలో నిప్పు పడితే యాడ నిలబడతాయి?"

మూత విప్పి చూస్తే, గింజను మోసే పట్టాను తిప్పే చైను వదులై ఇనప మూతకు కొట్టుకుంటోంది. మరో గంట గడిస్తే నిప్పురవ్వ లేచేది. ఆమె నా వేలు పట్టుకుని ఆ చైను మీద పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. "సూడు సుభద్రా. ఇది ఈపొద్దు సాగింది కాదు. ఎన్నాళ్లనుంచో సెప్తానే ఉండాది. ఇనే దిక్కు లేక ఈపొద్దు అరిసింది. శబ్దం మారిందంటే ఆపాల్సిందే. ఎవరు నిలబడినా సరే." అప్పటినుంచి ఇంట్లో ఫ్యాను రెక్క కీచుమన్నా నేను పడుకోలేను.

ఆ మిల్లులో ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజ నాడు కొత్త ఆయిలు డ్రమ్ముకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మూత తెరిచి, నాగరత్నమ్మ తన చేత్తో ఇత్తడి చెంబుతో ప్రతి మిషనుకూ ఆయిలు పోసేది. మిషన్లయ్యాక ట్రాక్టరు, దాని తర్వాత లారీ. ఆ చెంబు ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆమె పోసిన బండి దారిలో నిలబడదని మిల్లులో అందరికీ నమ్మకం. నిజంగానే నిలబడేవి కావు. అవి అలాంటి ఆయిలుకే పుట్టిన మొరటు ఇంజిన్లు.

నేను చేరిన ముప్పయ్యో ఏడాది ఆయుధపూజ నాడు ఆ వరుసలో చివరన ఒక బూడిద రంగు కారు నిలబడింది. ఆమె మనవడు కిశోర్ బెంగళూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. టర్బో ఇంజిను. గేటు ముందు నిలబెట్టి, ఇంజిను ఇంకా వేడెక్కకముందే కాలు అదిమి గర్జింపజేసేవాడు. పత్తి బోరాలు మోసే హమాలీలు తలలు తిప్పి చూడాలి, అదే వాడికి కావలసింది. దాన్ని కడిగి, నిమ్మకాయలు పెట్టి, బానెట్ ఎత్తినవాడు ఏసేపు. ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా డ్రైవరు. చెంబు దగ్గరికి రాగానే ఏసేపు గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మా, దీని పుస్తకంలో పల్సటి ఆయిలు రాసినారు. డ్రమ్ముది మందం."

"మిల్లు నడిపిన ఆయిలు నీ కారుకు పనికిరాదా?"

"నా కారు కాదమ్మా."

హమాలీలు నవ్వారు. ఆమె నవ్వలేదు. కిశోర్, "పొయ్యవ్వా. నీ చేత్తో పోస్తే దానికేమైతాది?" అన్నాడు. ఆమె పోసింది. ఒక్క చెంబుతో అయిపోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ ఇంజిను ఆయిలు తాగే రకం. మట్టం తగ్గినప్పుడల్లా ఏసేపు పల్సటిది తెప్పించమని అడిగేవాడు, కిశోర్ డ్రమ్ము చూపించేవాడు. "అవ్వ పోసిన ఆయిలు ఉండగా బెంగళూరు ఆయిలు ఎందుకప్పా?" పాత ఆయిలు పూర్తిగా దించి మార్చింది లేదు. అవ్వ ఆయిలును దించేస్తే అవ్వను అవమానించినట్టని ఆ ఇంట్లో ఒక కొత్త శాస్త్రం పుట్టింది.

మరుసటి ఏడు చలికాలం ఒక ఉదయం ఆ గలగల మొదటిసారి విన్నాను. నాగరత్నమ్మ నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. బయట కారు స్టార్ట్ అయింది. మూడు సెకన్లు. గ్లాసు ఆమె నోటి దగ్గర ఆగిపోయింది. ఒక హమాలీ, "చిన్న సావుకారు కారుకు జలుబు చేసినట్టుందే," అన్నాడు. రెండోవాడు, "జలుబు కాదప్పా, బెంగళూరు దగ్గు," అన్నాడు. నేను, "అమ్మా, విన్నారా?" అన్నాను.

"ఏంది?"

"ఆ శబ్దం."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "నేనేమీ ఇనలేదు. నువ్వూ ఇనలేదు. నీ లెక్క నువ్వు సూసుకో."

ముప్పై ఏళ్లలో ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది. షెడ్డు అవతల వదులైన చైనును గోడల్లోంచి విన్న చెవులు, పది అడుగుల దూరంలోని దాన్ని వినలేదట! నేను వదిలిపెట్టలేదు. ఆ వారంలో ఇంకో రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆమె, "పిల్లోడు ఆశపడి కొనుక్కున్నాడు. నా సెయ్యి మంచిది కాదని ఊరంతా అనుకోవాల్నా?" అంది. అప్పుడు అర్థమైంది. ఆమె కాపాడుకుంటున్నది కారునూ కాదు, మనవడినీ కాదు. ఆ చెంబును.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏసేపు కిశోర్‌ను ఎమ్మిగనూరు తీసుకువెళుతున్నాడు. వెనక సీట్లోంచి కిశోర్, "తొక్కప్పా, ఎద్దులబండి తోల్తాండావా?" అని తొందరపెట్టాడు. ఒక ట్రాక్టరును దాటబోతుండగా ఇంజిన్లో పెద్ద చప్పుడై, అది ఉన్నపళంగా చచ్చిపోయింది. స్టీరింగు బిగుసుకుంది, బ్రేకు రాయిలా గట్టిపడింది. ఎదురుగా లారీ. ఏసేపు ఒళ్లంతా బలం చేసుకుని తిప్పి, కారును నల్లరేగడి చేలోకి దింపాడు. గట్టుకు చక్రం కొట్టుకుని స్టీరింగు వెనక్కి తిరిగినప్పుడు అతని కుడి మణికట్టు విరిగింది. కిశోర్‌కు చొక్కా కూడా నలగలేదు.

ఇంజిన్ని బళ్లారిలో ఒక షెడ్డులో విప్పారు. నాగరత్నమ్మ నన్ను వెంట తీసుకువెళ్లింది. మేస్త్రీ ఒక ట్రేలో ముక్కలు పరిచి, "నోడమ్మా," అంటే చూడమ్మా అని కన్నడంలో మొదలుపెట్టాడు. నా అనుమానం తీరేదాకా అడిగాను, కాబట్టి తప్పు లేకుండా రాయగలను. ఇంజిను కింద తిరిగే ఇరుసునూ, పైన వాల్వులు తెరిచి మూసే ఇరుసునూ కలిపి కట్టేది టైమింగ్ చైను. వాల్వు కిందికి దిగేటప్పుడు పిస్టను పక్కకు తప్పుకుని ఉండాలి. ఆ వేళ తప్పకుండా చూడడమే చైను పని. అది వదులు కాకుండా ఒక చిన్న పరికరం ఎప్పుడూ నెట్టి పట్టుకుని ఉంటుంది. దాన్ని టెన్షనర్ అంటారు. అది నెట్టేది ఆయిలు ఒత్తిడితోనే. వేగానికి పుట్టిన ఇంజిన్లలో తిరుగుడు ఎక్కువ, టర్బో వేడి ఎక్కువ, ఆయిలు దారులు సన్నం. మందమైన ఆయిలు చలిలో ఆ దారుల్లో పాకుతుంది. అది చేరేదాకా చైను వదులుగా ఊగి, పక్కన ఉండే ప్లాస్టిక్ పట్టీలను కొడుతుంది. ఆ గలగల అదే. మార్చని ఆయిలు వేడికి మాడి, నల్లని ముద్దై, ఉన్న దారులను కూడా మూస్తుంది. పట్టీలు విరిగి ముక్కలు అడుగున పడతాయి. చైను రోజూ కొంచెం కొంచెం సాగుతుంది. ఒకరోజు చక్రం పళ్ల మీదనుంచి జారుతుంది. పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది. "ఇది ఒక్కరోజులో అయ్యేది కాదమ్మా. పొద్దున్నే శబ్దం వచ్చి ఉంటాది. ఎవరూ ఇనలేదా?" అన్నాడు మేస్త్రీ.

నాగరత్నమ్మ చైనును చేతిలోకి తీసుకుంది. ఒకప్పుడు నా వేలు పెట్టించినట్టే తన వేలు పెట్టి చూసింది. సాగిన చైను ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లని జిడ్డు అంటిన చేతిని చూసుకుని, రుమాలు అడిగింది. అంతే.

మర్నాడు పది గంటలకు మిల్లు ఆవరణలో అందరూ ఉన్నారు. ఏసేపు కట్టుతో నిలబడ్డాడు. కిశోర్ ఏదైనా అనకముందే ఆమే చెప్పింది: "ఏసేపు గేరు తప్పు ఏసినాడు. ఇంజిను పాయె. పిల్లోడు బతికినాడు, అదే పదివేలు. రేపట్నుంచి నువ్వు రావద్దప్పా."

ఏసేపు ఆమెను చూశాడు. "అమ్మా, నీ ముందరే సెప్పినాను కదమ్మా, పల్సటి ఆయిలని."

"ఎప్పుడు సెప్పినావు?"

హమాలీలు అందరూ నేల చూశారు. ఆ మాట విన్నవాళ్లే, ఆ రోజు నవ్వినవాళ్లే. నాకు ఆమె గొంతు తెలుసు. మూడు దశాబ్దాలు విన్న గొంతు. ఆ రోజు అందులో గులకరాళ్లు ఉన్నాయి. నేను ఆఫీసులోంచి బీరువా తాళాలు తెచ్చి ఆమె ముందున్న బల్ల మీద పెట్టాను. "ఏసేపు చెప్పినాడమ్మా. నేనూ చెప్పినాను. మీరు విన్నారు. శబ్దం మారింది, ఆపుతున్నాను," అన్నాను.

"నిలబడిపోతావు సుభద్రా," అంది.

"నిలబడనీ," అన్నాను.

తర్వాత ఆమె బతికి ఉండగా నేను ఆ గేటు దాటలేదు. కబురు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ, ఏసేపును పిలిచి నిజం చెబితే వస్తానన్నాను. ఆమె పిలవలేదు. నేను పోలేదు. అయినా ఆమె నేర్పిన చెవులే ఇవి. ఎదురింటి అబ్బాయి గేటు దగ్గరికి రోజూ ఆరుంపావుకే వెళ్లి నిలబడుతున్నాను. విసుక్కున్నా సరే, వాడు బండిని షెడ్డుకు తోలేదాకా నిలబడతాను.

పోయినవి: ఇంజిను ఒకటి. ఏసేపు కుడి మణికట్టు, అది ఇప్పటికీ పూర్తిగా తిరగదు. అతని పంతొమ్మిదేళ్ల మంచి పేరు, దాని తర్వాత ఆదోనిలో ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. నా ఉద్యోగం. నాగరత్నమ్మ మాట.