దబ్బనం పొడిచిన కన్నం

గాజువాక వెనకవీధిలో దేవీప్రసాద్‌కి ఒక రేకుల షెడ్డు ఉంది. బొంబాయి రవ్వ, సెనగపిండి, రాగిపిండి అక్కడికి బస్తాల్లో వచ్చి, అరకిలో, కిలో ప్యాకెట్లుగా మారి, అట్టపెట్టెలకెక్కి ఊళ్ళ మీదికి పోతాయి. పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో పాతకాపు జోగమ్మ.

ఆమె పుట్టింది శృంగవరపుకోట అవతల పల్లెలో. పెళ్ళయి కూర్మన్నపాలెం వచ్చింది. భర్త అప్పలసూరిది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. పొద్దున్నే అతను షిఫ్టుకి బయల్దేరాక ఇంత అన్నం క్యారేజీలో సర్దుకుని జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే దారి. సీలింగ్ మెషిన్ ముందు ముక్కాలి పీట మీద కూర్చుని కాలితో పెడల్ తొక్కుతుంటే కవరు మూతి ఇట్టే అతుక్కుంటుంది. ఆ పని ఆమె చూడకుండా కూడా చేయగలదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే ఏ ప్యాకెట్టుకి సీలు సరిగా పడలేదో చేత్తో తడిమి చెప్పేస్తుంది.

ఆమెకి షెడ్డులో పేరు తెచ్చిన పని మాత్రం ఇంకొకటి. కొత్తల్లో ప్యాకెట్లన్నీ గాలితో బూరెల్లా పొంగి ఉండేవి. ఇరవై పట్టాల్సిన పెట్టెలో పదహారు కూడా పట్టేవి కావు. జోగమ్మే ఒకరోజు సీలుకి రెండు వేళ్ళ కింద సూదితో ఒక్క పోటు పొడిచి, అరచేత్తో నొక్కింది. గాలి బుస్సుమని పోయి ప్యాకెట్టు బల్లపరుపుగా పడుకుంది. దేవీప్రసాద్ సంతోషం ఇంతా అంతా కాదు. సూదితో గాలి పోవడం ఆలస్యమవుతోందని తర్వాత్తర్వాత గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చింది. కొత్తగా ఎవరు చేరినా ఆ పోటు ఎక్కడ పొడవాలో, ఎంత లోతు పొడవాలో ఆమే నేర్పేది. అది తన సొంత విద్య అన్నంత గర్వం ఆమెకి.

రెండేళ్ళ కిందట వానలు వెనకపట్టాక భీమునిపట్నం నుంచి ప్యాకెట్లు వెనక్కి రావడం మొదలైంది. రాగిపిండిలో పురుగులు. మొదట నాలుగు, తర్వాత పెట్టెకి పెట్టె. దేవీప్రసాద్ పిండిమరకి వెళ్ళి గొడవపడ్డాడు. మర యజమాని అతని ఎదురుగానే పిండి జల్లించి చూపించాడు. ఒక్క పురుగూ లేదు. కవరు పల్చగా ఉంది కాబట్టి కొరికేస్తున్నాయేమో అనుకుని దేవీప్రసాద్ మందం కవరు తెప్పించాడు. నెలన్నర తిరక్కుండా అవీ వెనక్కి వచ్చాయి.

"జోగమ్మా, రేపు బండిలో నువ్వూ వెళ్ళు. షాపులో ఏం జరుగుతోందో నాకంటే నీ కంటికే బాగా ఆనుతుంది," అన్నాడు.

భీమిలి బజారులో ఆ ప్యాకెట్లు తిప్పి పంపిన కిరాణా కొట్టు అనూరాధది. భర్త కృష్ణంరాజు తెల్లారకముందే వేటకి వెళ్తాడు, కొట్టు ఆమె చూసుకుంటుంది. బండి ఆగేసరికి నడుముకి చెంగు దోపుకుని సిద్ధంగా ఉంది.

"రాయే అక్కా, రా. నీ కళ్ళతో నువ్వే సూడు. మా వీధిలో ఒక పెద్దామె పసిగుంటకి జావ కాద్దారని ప్యాకెట్టు విప్పితే ఎర్రగా పాకతన్నాయట. నా ముకం మీద ఇసిరికొట్టినంత పని సేసింది. నానేటి సెప్పుకోను?"

జోగమ్మకి సిగ్గుతో ముఖం వేడెక్కింది. చెక్క అల్మరా ముందు గొంతుక్కూచుంది. పైన పిండి ప్యాకెట్లు, కింద బియ్యం బస్తాలు. బస్తాల మధ్య నేల మీద రాలిన నూకల్లో ముక్కు పురుగులు తిరుగుతున్నాయి. చెక్కల సందుల్లో పేరుకున్న పాత పిండిలో ఎర్రటి పెంకు పురుగులు. పురుగు షెడ్డు నుంచి రాలేదు, ఇక్కడే ఉంది. ఆ మాట అనూరాధతో అనేసి వెళ్ళిపోదామనిపించింది కూడా. కానీ ఏ కొట్టులో ఉండవు పురుగులు? పిండిలోకి వెళ్ళకుండా ఆపడానికేగా కవరు.

ఒక్కో ప్యాకెట్టూ తీసి వెలుగుకి పట్టి చూస్తోంది. అల్మరా మూలన వేరుగా నాలుగు ప్యాకెట్లు కనిపించాయి, పొంగి ఉన్నాయి.

"అయ్యేటి, పక్కన పెట్టీసినావు?"

"అయి గాలి ప్యాకెట్లక్కా. ఎవులూ కొనరు, తూకం తక్కువనుకుంతారు. అయి కూడా పట్టికెళ్ళిపో."

ఆ నాలుగూ అటూ ఇటూ తిప్పి చూసింది జోగమ్మ. పిండి శుభ్రంగా, పాకే పురుగన్నది లేకుండా ఉంది. అదే పెట్టెలో, అదే తారీఖున వచ్చిన చదును ప్యాకెట్లలో పురుగులు. సీలు దగ్గర వేలితో తడిమింది. పొంగిన వాటికి దబ్బనం పోటు లేదు.

నీలిమ పని అది. షెడ్డులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల తల్లి. చేరిన వారంలోనే దబ్బనం అరచేతిలో దిగబడిందని భయపడి, జోగమ్మ చూడనప్పుడు పోటు పొడవకుండా పెట్టెలో పడేసేది. దొరికిన ప్రతిసారీ చివాట్లు తినేది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో జోగమ్మ ఆ పొంగిన ప్యాకెట్లని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన సముద్రం మీద ఎండ తళతళలాడుతోంది. ఆమె కళ్ళముందు మాత్రం పద్దెనిమిదేళ్ళుగా తను పొడిచిన పోట్లు, పొడవమని నేర్పిన చేతులు కదిలాయి. పసిగుంట జావ మాట పదే పదే గుర్తొచ్చింది. అయినా ఒక్కసారి చూసి తేల్చేయడం ఆమెకి నచ్చలేదు. పొంగిన ప్యాకెట్లు అల్మరాలో ఏ మూలనో ఉండబట్టి బాగున్నాయేమో. కవరు మందం సంగతి కూడా తేలాలి. తెలుసుకునే మాట చెప్పాలనుకుంది.

ఇంట్లో పచ్చళ్ళకి వాడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఖాళీగా ఉంది. వెనక్కొచ్చిన ప్యాకెట్లలోంచి, అనూరాధ కొట్టులోని నూకల్లోంచి ఏరి తెచ్చిన పురుగుల్ని అందులో వదిలింది. పెంకు పురుగులు, ముక్కు పురుగులు, గింజని తొలిచే పొట్టి నల్ల పురుగులు, అన్ని రకాలూ ఉన్నాయి. నాలుగు ప్యాకెట్లు పెట్టింది. పల్చ కవరు రెండు, మందం కవరు రెండు. ఒక్కో రకంలో ఒకదానికి పోటు పొడిచింది, ఒకదానికి పొడవలేదు. మూతికి గుడ్డ కట్టి, గూట్లో పెట్టింది. వెనక్కొచ్చినవన్నీ నలభై రోజులకి అటూ ఇటూగా వచ్చాయి కాబట్టి తనూ నలభై రోజులు చూద్దామనుకుంది.

అప్పలసూరి అన్నానికి కూర్చుంటూ ఆ డబ్బా చూశాడు.

"ఏటే ఇది? ఊళ్ళో అందరూ పురుగుల్ని సంపుతారు. నువ్వు పెంచుతన్నావేటి?"

"పెంచడం నేదు మావా, పరీచ్చ పెడతన్నాను."

"పాసయితే ఏటిత్తావు వాటికి, ఉజ్జోగమా?"

జోగమ్మ నవ్వాపుకోలేక కూర వడ్డించబోయి చారు వడ్డించింది. అతను ఎగతాళి చేశాడు గానీ మర్నాటి నుంచీ షిఫ్టు నుంచి రాగానే ముందు డబ్బా దగ్గరికే వెళ్ళి తొంగిచూసేవాడు.

పన్నెండో రోజు ఆదివారం. మధ్యాహ్నం కిటికీలోంచి వెలుగు సూటిగా డబ్బా మీద పడింది. జోగమ్మ మోకాళ్ళ మీద కూచుని చూస్తోంది. ఒక పెంకు పురుగు మందం కవరు మీద జారుతూ, లేస్తూ, సీలు కిందుగా నడిచింది. పోటు దగ్గరికి రాగానే ఆగింది. లోపలి పిండి వాసన తగిలినట్టుంది, మీసాలు ఆడించింది. ఒక చుట్టు తిరిగింది. తల దూర్చింది. ఒళ్ళు అటూ ఇటూ కదుపుతూ తలుపు తీసిన ఇంట్లోకి వెళ్ళినంత తేలిగ్గా లోపలికి వెళ్ళిపోయింది.

"మావా, ఇలా రా!" అని ఆమె కేకేసిన కేకకి అప్పలసూరి నిద్రలోంచి లేచి వచ్చాడు. ఇద్దరూ తలలు ఆనించి చూస్తుండగానే ఇంకొకటి వెళ్ళింది.

"అంతేనే జోగీ. కవరు ఎంత మందమైతే ఏటి, కన్నం కన్నమే గదా," అన్నాడు అతను నెమ్మదిగా.

నలభయ్యో రోజున డబ్బా షెడ్డుకి తీసుకెళ్ళింది. దేవీప్రసాద్ బల్ల మీద పాత పేపరు పరిచి నాలుగు ప్యాకెట్లూ కత్తిరించింది. పోటు ఉన్న రెండింట్లో, పల్చదైనా మందమైనా, పిండి నిండా పురుగులు, పిల్ల పురుగులు. పోటు లేని మందం కవరులో పిండి ఆ తెల్లారే ఆడించినట్టుంది. పోటు లేని పల్చ కవరుకి మాత్రం అడుగున మడత పడిన మూల దగ్గర ఒక చిన్న కొరుకుడు కన్నం.

"నున్నటి సోట దాని కాలు నిలవదు బాబూ. మడత దగ్గర పట్టు దొరికింది, కొరికీసింది," అంది జోగమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "అది పల్చ కవరు తప్పు. మిగిలిన తప్పు నాదే. నా దబ్బనానిదే. పద్దెనిమిదేళ్ళ నుంచి నానే పొడిపించినాను."

షెడ్డులో పెడళ్ళ చప్పుడు ఆగిపోయింది. నీలిమ తల దించుకుంది, తననేమైనా అంటారేమోనని. దేవీప్రసాద్ ఆ నాలుగు కుప్పల్నీ వేలితో కెలికి చూశాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు జోగమ్మా?"

"అప్పుడు మన సరుకు గాజువాక దాటేది కాదు గదా బాబూ. వారంలో అమ్ముడైపోయేది. ఇప్పుడు దూరం ఎలతంది, నెలా రెణ్ణెల్లు అల్మరాలో కూకుంతంది. పురుక్కి ఎక్కడ నేని టైము దొరుకుతంది."

అతను తల ఊపాడు. "నువ్వు పొడిచావు. నేను నీ ఎదురుగా నిలబడి మెచ్చుకున్నాను. ఒక్కదానివే మీదేసుకోకు." ఆ మాట అని, షెడ్డులో ఉన్న దబ్బనాలన్నీ తెమ్మన్నాడు. మొత్తం ఏడు. గోనెసంచులు కుట్టే గదికి పంపించేశాడు.

జోగమ్మకి ఆ పూట అన్నం సయించింది. చాలా రోజుల తర్వాత.

కానీ గాలి ఎలా తీయాలి? నాలుగు రోజులు అందరూ తలోరకంగా చూశారు. ఒకామె ప్యాకెట్టుని బల్లకి అదిమింది, సీలు వంకర పోయింది. ఇంకొకామె నోటితో గాలి పీల్చబోయి పిండి మింగి దగ్గింది. దారి కనిపెట్టింది నీలిమే. సీలు వేసేముందు ప్యాకెట్టుని మూడుసార్లు బల్లకి తట్టి పిండి దిగనిచ్చి, రెండు ముంజేతుల మధ్య పట్టి ఒత్తి, అలాగే పెడల్ తొక్కేది. అది చూసి జోగమ్మ ఇంటికెళ్ళి అప్పలసూరికి చెప్పింది. అతను పాత చెక్కలతో, మడతబందులతో రెండు రెక్కల పెట్టె ఒకటి చేశాడు. ప్యాకెట్టు మధ్యలో నిలబెట్టి రెక్కలు మూస్తే గాలి పైకి పోతుంది, అప్పుడే సీలు పడుతుంది. మొదటిది గట్టిగా ఒత్తి కవరు చిట్లింది. రెండోది కుదిరింది. అయినా ఇరవై పట్టే పెట్టెలో పద్దెనిమిదే పట్టాయి. దేవీప్రసాద్ ఒకటి రెండు రోజులు గింజుకుని, కాస్త ఎత్తు పెట్టెలు చేయించాడు. అడుగున మడత లేని మందం కవర్లు కూడా వచ్చాయి.

జోగమ్మ మళ్ళీ భీమిలి వెళ్ళి అనూరాధతో కలిసి అల్మరా అంతా బయటికి లాగి, సందులు గీకి, కడిగి ఎండబెట్టింది. "నీ కొట్టుదీ కొంత ఉంది సెల్లీ," అని అప్పుడు చెప్పింది. అనూరాధ ఏమీ అనుకోలేదు. ఆరోజు కృష్ణంరాజు తెచ్చిన వంజరం చేప వండి పెట్టింది. జావ ప్యాకెట్టు విసిరికొట్టినంత పని చేసిన పెద్దామెని కూడా పిలిచి కొత్త ప్యాకెట్టు చేతిలో పెట్టారు. ఆమె వీధిలోనే నిలబడి కత్తిరించి, గుప్పెట్లోకి తీసి, వాసన చూసి, "సర్లే," అని పట్టుకెళ్ళింది. రెండు నెలలు గడిచాయి. భీమిలి నుంచి పెట్టె వెనక్కి రాలేదు.

ఈమధ్య కవర్ల కంపెనీ మనిషి సాయిశంకర్ అనే కుర్రాడు నిగనిగలాడే కొత్త రకం కవర్లు బల్ల మీద పరిచి, వీటిలోకి చీమ కూడా దూరదని గడగడా చెప్పాడు. దేవీప్రసాద్ అంతా విని, "నాకు చెప్పి లాభం లేదు. జోగమ్మకి ఇవ్వండి," అన్నాడు.

ఆమె ఒక కవరు మూల వంచి, గోటితో గీరి, సీలు లాగి చూసింది. "నలభై రోజులు ఆగండి బాబూ."

"నలభై రోజులా? ఎందుకండీ?"

జోగమ్మ డబ్బా తెచ్చి ఎదురుగా పెట్టింది. అందులో తిరుగుతున్నవాటిని చూసి ఆ అబ్బాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

నలభై రోజులకి అతనే ఫోన్ చేశాడు. కవరు గట్టిదే గానీ పక్క అతుకు దగ్గర విడిపోతోందనీ, అక్కడ మూడు పురుగులు దూరాయనీ జోగమ్మ చెప్పింది. అతను "అతుకు మార్చి పంపిస్తానమ్మా, మళ్ళీ చూస్తారా?" అని అడిగాడు.

"సూత్తాను. ఎందుకు సూడను," అంది. ఫోన్ పెట్టేసి క్యారేజీ విప్పింది. పక్కన కూర్చునే నీలిమకి వంకాయ కూర ఇష్టమని ఆరోజు రెండు ముక్కలు ఎక్కువే తెచ్చింది.