కిరాయి జనం

నేనొక మనిషిని మోసం చేసిన. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెల్వదు. ఏండ్లుగా నా మీద ఉన్న బరువు అదే.

తెలిసి ఉంటే తిట్టేది. నలుగురిలో నా పరువు తీసేది. ఈపాటికి ఆ గొడవ పాతబడి, ఎదురుపడితే మొహాలు తిప్పుకొని పోయే మనుషులమయ్యేవాళ్లం. అట్ల కాలేదు. నా బిడ్డకు చెవులు కుట్టించిననాడు ఆమె వచ్చి, పిల్ల కాళ్లకు వెండి పట్టీలు పెట్టి, అన్నం తిని, సాయంత్రం దాకా ఉండి పోయింది. కొన్నాళ్లకే ఆ పట్టీలు తీసి బీరువాలో పెట్టిన. బిగుతైనయని ఇంట్లో చెప్పిన. కాలేదు.

మీకెందుకు చెప్తున్న? మీరెవరో నాకు తెల్వదు గనక. తెలిసినోళ్లయితే నా మొహం చూసి ఏదో ఒక సాకు వెతికిపెడతరు. వ్యాపారమన్నంక ఇవన్నీ ఉంటయంటరు. ఆ సాకులన్నీ నేనే ఒక్కొక్కటి వెతుక్కొని చూసిన. ఒక్కటీ నిలవలేదు.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం దిక్కు పోయే దారిలో ఒక టౌను. పేరు రాయను. బస్టాండుకు ఎదురుగా పాత షాపింగ్ కాంప్లెక్స్ ఒకటి ఉండేది. స్లాబు కారేది. వానకాలం మెట్ల మీద బకెట్లు పెట్టేవాళ్లు. అయినా జనం వచ్చేవాళ్లు. సంత రోజు అడవి పక్క ఊర్ల నుంచి చింతపండు, తేనె, చీపుళ్లు తెచ్చి అమ్ముకున్నవాళ్లు సాయంత్రం అదే కాంప్లెక్స్‌లో చెప్పులో, చీరో, గిన్నెలో కొనుక్కొని బస్సెక్కేవాళ్లు.

ఓనర్లు అన్నదమ్ములిద్దరు. పాతది కూలగొట్టి కొత్తది కట్టిన్రు. అద్దాల తలుపులు, లిఫ్టు, కింద పార్కింగు. అది లేచేసరికి పాత కిరాయిదార్లు చెట్టుకొకరు పుట్టకొకరు పోయిన్రు. తిరిగి రమ్మని పిలిస్తే కొత్త కిరాయి విని నవ్విన్రు. జనం కూడా వేరే దార్లు అలవాటు చేసుకున్నరు. పెద్ద కొనుగోళ్లకు ఖమ్మం పోతున్నరు, చిన్నవాటికి ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నరు. సంతకొచ్చినోళ్లు అద్దాల తలుపు దాకా వచ్చేవాళ్లు. సెక్యూరిటీ ఆయన వాళ్ల మూటల దిక్కు చూసేవాడు. వాళ్లు పక్క సందులోకి తిరిగేవాళ్లు. ఇది నేను రోజూ చూసేదాన్ని. ఓనర్లకు ఒక్కనాడు కూడా చెప్పలేదు. వాళ్లకు కావాల్సింది ఆ మాట కాదు.

నేనక్కడ లీజింగ్ మేనేజర్ని. షాపులకు కిరాయిదార్లను తెచ్చుడు నా పని. మా ఇల్లు నా జీతం మీదనే నడిచేది. చిన్న వ్యాపారం వాళ్లను అడిగితే, ముందు ఏదన్నా పెద్ద షాపు రానియ్యండి మేడం, అప్పుడు మేమే వస్తం అనేవాళ్లు. పెద్ద షాపు వాళ్లను అడిగితే, మీ దగ్గర జనమేరి అనేవాళ్లు. షాపులు లేక జనం రారు, జనం లేక షాపులు రావు. ఈ నడుమ నేను నిలబడి ఉన్న. దసరాలోపు కింది అంతస్తు నిండకపోతే ఈ పని హైదరాబాదు ఏజెన్సీకి అప్పగిస్తమని పెద్దాయన నెమ్మదిగా, నవ్వుకుంటనే చెప్పిండు.

అప్పుడే ఒక పెద్ద బట్టల కంపెనీ వాళ్లు వచ్చి చూస్తమన్నరు. వాళ్లు ఒప్పుకుంటే మిగతా షాపులు వాటంతటవే నిండుతయి. వాళ్లు వచ్చేనాటికి కాంప్లెక్స్ ఖాళీగా ఉండొద్దు. జనాన్ని పిలిపిద్దామన్న ఆలోచన ఎవరిదీ కాదు, నాదే. ఓనర్లు ఏమీ అడగలేదు. వద్దని కూడా అనలేదు.

కారేపల్లి దిక్కు మహిళా సంఘం లీడరు ఒకామె నాకు తెలుసు. ఆటోల కిరాయి, టిఫిన్, మధ్యాహ్నం భోజనం మాది, కొత్త కాంప్లెక్స్ చూసి పోండ్రి అని చెప్పిన. ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకొని, పిల్లల్ని ఎత్తుకొని సంబరంగా వచ్చిన్రు. వాళ్ల తప్పేం లేదు. నిజంగానే కాంప్లెక్స్ చూడ్డానికి పిలిచిననుకున్నరు. కింద హాల్లో ఒక బట్టల ఎగ్జిబిషన్ సేల్ పెట్టించిన. మా కాంప్లెక్స్ పేరు అచ్చేసిన సంచులు తలా ఒకటి ఇచ్చిన. ఖాళీగా వేలాడుతుంటే బాగలేదని పాత పేపర్లు ఉండలు చుట్టి, వాటిలో నేనే కుక్కిన. ఒక పెద్దామె, ఇవి మేం ఇంటికి తీస్కపోవచ్చునా బిడ్డా అని అడిగింది. పేపర్లా, సంచులా? నాకు అర్థం కాలేదు. తీస్కపో అమ్మా అన్న.

కంపెనీ వాళ్లిద్దరు వచ్చిన్రు. హాలంతా తిరిగిన్రు. పార్కింగులోకి దిగి చూసిన్రు. అక్కడ వరసగా ఆటోలు తప్ప బండ్లు లేవు. వాళ్లలో ఒకాయన నా దిక్కు చూసి చాయ్ తాగిండు. వాళ్లకు ఆ క్షణమే తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఇసొంటి పనులు వాళ్లు ఎన్ని చూసిన్రో.

వాళ్లు పైన ఓనర్లతో కూచున్నప్పుడు సరోజ వచ్చింది.

సరోజ, నేను హాస్టల్లో కలిసి చదువుకున్నం. ఒకే ట్రంకు పెట్టె ఇద్దరం వాడుకున్న రోజులున్నయి. ఆమెకు చండ్రుగొండలో మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాను దుకాణం ఉండేది. చిన్నది, కానీ గిరాకీ ఉన్న దుకాణం. బిందెలు, గిన్నెలు, టిఫిన్ డబ్బాలు. కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టిచ్చేది. దుకాణం ముందు ఆగిన మనిషి కొనడానికి ఆగిందా, బస్సు కోసం నిలబడ్డదా అన్నది దూరం నుంచే చెప్పేది. భర్త ఆర్టీసీలో మెకానిక్కు. దుకాణం సంగతుల్లో ఆయన ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. ఆనాడు ఆ పేర్లు కొట్టే మిషను రిపేరుకిచ్చి, ఊరికే నన్ను చూసిపోదామని వచ్చింది. నేను రమ్మనలేదు. ఆ మాట ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్ననో. రమ్మనలేదు, నిజమే. అయితే ఏంది?

ఆమె తలుపు దగ్గర నిలబడి హాలంతా చూసింది. తిరునాళ్లలా ఉన్నది.

"రోజూ గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

"అవ్. ఆదివారమైతే ఇంకా ఎక్కువ."

ఇంకొంచెంసేపు చూసింది. "సంచులు నిండుగున్నయి గానీ, బరువున్నట్టు నడుస్తలేరేందే?"

"బట్టలే కదనే. బట్టలకేం బరువుంటది?"

నవ్వింది. "నిజమేలే. నాకు గిన్నెల లెక్కే తెలుసు."

ఇంతే మేం మాట్లాడుకున్నది. ఆనాడు నిజం చెప్పలేకపోయిన, ఎందుకంటే పైన మనుషులున్నరు, మాట వినపడితే నా ఉద్యోగం పోతది. అది భయం. భయాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ భయం ఆ ఒక్క రోజుది. బట్టల కంపెనీ వాళ్లు రెండు రోజుల్లోనే ఫోన్ చేసి, ఇప్పుడు కాదు, తర్వాత చూద్దామన్నరు. ఆ తర్వాత వారానికి సరోజ మళ్లా వచ్చి, కింద మూల షాపు ఎవరికన్నా ఇచ్చినవా అని అడిగింది. అప్పుడు పైన ఎవరూ లేరు. నా క్యాబిన్‌లో మేమిద్దరమే ఉన్నం. చెప్పడానికి కావాల్సినంత తీరిక ఉన్నది. మరి అప్పుడు నన్ను ఆపింది ఏంది? ఎంత ఆలోచించినా ఒకటే జవాబు దొరుకుతది. మూల షాపు ఖాళీగా ఉన్నది. దసరా దగ్గరికొచ్చింది.

పెద్ద బట్టల షాపు వస్తున్నదటగా అని అడిగింది. మాటలు నడుస్తున్నయని చెప్పిన. ఆగిపోయిన సంగతి చెప్పలేదు.

ఈసారి మాత్రం భర్త వద్దన్నడట. ఉన్న దుకాణం చాలదా అన్నడట. నా కండ్లతో చూసిన, నువ్వు చూడలే, అని ఆమె గట్టిగా చెప్పిందట. ఇదంతా ఆమెనే నాకు చెప్పింది, కొంచెం గర్వంగా. చండ్రుగొండ దుకాణం ఖాళీ చేసి ఇచ్చింది. దాని ఓనరు నెల తిరగకముందే ఇంకొకరికి కిరాయికిచ్చిండు.

షాపు తెరిచిననాడు నేను కొబ్బరికాయ కొట్టిన. అవును, నేనే. బోణీ కూడా నేనే చేసిన, ఒక పాల గిన్నె కొని. ఆమె దాని మీద నా పేరు కొట్టిచ్చింది. ఆమె బోర్డు వెలుగుతుంటే దాన్ని చూపించి ఇంకో ఇద్దరు చిన్న వ్యాపారులను తెచ్చిన. ఓనర్లు నన్ను మెచ్చుకున్నరు.

మొదట్లో చుట్టాలు వచ్చిన్రు. తర్వాత ఎవరూ రాలేదు. ఆమె రోజూ పొద్దున గిన్నెలన్నీ తుడిచేది. సామాన్ల అమరిక మార్చేది. ఒకసారి నాన్‌స్టిక్ పెనాలు తెచ్చింది, ఇంకోసారి గాజు సామాను. ఆదివారం జనం ఎక్కువుంటరన్నవు గదా అని నన్ను ఎన్నడూ నిలదీయలేదు. ఆమె అడుగుతదేమోనని నేనే ఆదివారాలు ఆ దిక్కు పోవుడు మానేసిన. చండ్రుగొండ పాత గిరాకీ వాళ్లు ఫోన్ చేసి, ఎప్పుడొస్తవక్కా అని అడిగేవాళ్లట.

ఒక ఏడాది ఓపిక పట్టింది. తర్వాత ఖాళీ చేసింది. సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్ననాడు నేను పోయిన. పోకుండా ఉండాల్సింది. ఆమె కింద కూచొని, డబ్బాల నడుమ పేపర్లు పెట్టుకుంట, తల ఎత్తకుండా అడిగింది.

"నేనెక్కడ తప్పు చేసినే?"

నా జన్మలో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. నిజం నాలుక చివరనే ఉన్నది. నోరు తెరిచిన. ఇట్లన్న:

"నీ సరుకు ఇక్కడోళ్లకు నచ్చలేదేమోనే. టౌనోళ్ల చూపు వేరు."

ఆమె తల ఊపింది. నమ్మింది.

మొదటి అబద్ధం కంటే ఇదే పెద్ద తప్పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదటిదానితో ఆమె దుకాణం పోయింది. దుకాణాలు పోతయి, మళ్లా పెట్టుకుంటరు. రెండోదానితో ఆమెకు తన మీద ఉన్న నమ్మకం పోయింది. అది నేను తీసుకున్న. తీసుకొని నాకేం వచ్చింది? ఆ ఒక్క నిమిషం ఆమె కండ్లలోకి చూడకుండా తప్పించుకున్న, అంతే.

ఆ తర్వాత ఇంట్లో ఆమె మాట చెల్లుబాటు కాకుండా పోయింది. నీ కండ్లతో చూసినవు గదా అని భర్త ఒకటి రెండుసార్లు అన్నడట, కోపంగా కాదు, ఊరికేనే. ఇప్పుడు వాళ్ల బావగారి పురుగుమందుల షాపులో కౌంటర్ మీద కూచుంటది. ఒకసారి నేనక్కడికి పోయినప్పుడు రైతు ఒకాయన వచ్చి ఏదో డబ్బా ధర అడిగిండు. ధర డబ్బా మీదనే ఉన్నది. అయినా ఆమె ఫోన్ తీసి, బావా, ఎంత చెప్పాలె, అని అడిగి చెప్పింది.

కాంప్లెక్స్ ఇప్పుడు బాగానే ఉన్నది. బట్టల కంపెనీ రాలేదు. పైన కోచింగ్ సెంటరు, రక్త పరీక్షల ల్యాబు వచ్చినయి. కింద కిరాణా సూపర్ మార్కెట్ పెట్టిన్రు. అద్దాల తలుపులు పగలంతా తెరిచే ఉంచుతున్నరు. మూల షాపులో జ్యూస్ అమ్ముతున్నరు, నిలబడ సందు ఉండదు. నేను ఇప్పటికీ అక్కడే పని చేస్తున్న. జీతం పెరిగింది.

మొన్న వేంసూరులో మా హాస్టల్ స్నేహితురాలి కొడుకు పెండ్లి. భోజనాలైనంక సరోజ వచ్చి నా పక్క కుర్చీలో కూచున్నది. వాళ్ల బిడ్డ ఫ్యాషన్ కుట్టుపని నేర్చుకున్నదట. సత్తుపల్లిలో ఒక షట్టరు చూసిందట, కిరాయికి తీసుకొని షాపు పెడతదట. నన్ను వచ్చి చూడమంటున్నదే, నాకేం తెలుసు, నా చూపు మంచిది కాదని చెప్పిన, అన్నది సరోజ. నువ్వొక్కసారి పోయి చూసి చెప్తవా, నీకైతే ఈ సంగతులు ఎరుకే గదా, అన్నది.

సరే, చూస్తలే అన్న.

ఇంటికొచ్చినంక ఇది రాయడం మొదలుపెట్టిన. ఆ పిల్లతో కలిసి వచ్చే వారం సత్తుపల్లి పోవాలె. పోయి, జాగా బాగుందో లేదో చెప్తే సరిపోతదా? ముందు మీ అమ్మను అడుగు, మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు, అంటే ఆ పిల్ల ఎందుకని అడగదా? అడిగితే నాకు ధైర్యం వస్తదా? తెల్వదు. వస్తదని మీకు మాట ఇయ్యలేను. ఇన్నేండ్లు రాలేదు.

క్షమించమని కూడా అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్కటే చెప్పగలుగుత: ఆనాడు ఆ జనాన్ని నేనే కిరాయికి తెచ్చిన. సరోజకు అనుమానం వచ్చింది, అడిగింది, నేను అబద్ధం చెప్పిన. ఆమె చూపులో ఏ తప్పూ లేదు.

రాసిన. ఈ మాటలు ఇంతకుముందు నాలో నేను కూడా ఇంత వరసగా అనుకోలేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. ఈ పూటకైతే కొంచెం ఊపిరాడుతున్నది.